బోటు అడుగు నీళ్లు తోడే పంపుకు ఏ వైరు వేయాలి?

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద బోటు పొందిన మత్స్యకార సోదరులు, అక్కచెల్లెళ్ల కోసం

కొత్త బోటు చేతికొస్తోందా? పాత బోటుకు రంగులు, రిపేర్లు చేయిస్తున్నారా? అయితే ఈ నాలుగు పేజీలు ఒకసారి చదవండి. చదువు రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే చదివి వినిపించండి. చెప్పేది ఒకే ఒక్క వస్తువు గురించి: బోటు అడుగున చేరే నీటిని బయటికి తోడే కరెంటు పంపుకు వేసే వైరు. దీన్నే బిల్జి పంపు అంటున్నాం.

ఇంత చిన్న వస్తువుకు ఇంత రాయాలా అనిపించవచ్చు. మత్స్య సంపద యోజన కింద యూనిట్ ఖర్చులో ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు 60 శాతం, ఇతరులకు 40 శాతం వరకు ప్రభుత్వ సాయం అందుతుంది. మిగతాది మీ చేతి డబ్బు, లేదంటే మీరు తీర్చాల్సిన అప్పు. ఆ బోటు ఒక రాత్రి రేవులోనే నీళ్లు నిండి మునిగిపోతే అప్పు మాత్రం మునగదు. అదే సముద్రంలో జరిగితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

పంపు కొనేటప్పుడు అందరూ జాగ్రత్తగానే చూస్తారు. వైరు దగ్గరికి వచ్చేసరికి "ఇంట్లో మిగిలిన ముక్క ఉంది, వేసేయ్" అంటారు. పంపు ఎంత మంచిదైనా దానికి అందాల్సిన కరెంటు అందకపోతే పని చేయదు. ఆ కరెంటును అందించేది వైరే.

1. పంపు ఎందుకు ఇంత ముఖ్యం?

బోటులోకి నీరు చాలా దారుల్లో వస్తుంది. ఇంజిన్ షాఫ్టు బయటికి వెళ్లే చోట కారుతుంది. అలలు పైకి ఎగసిపడతాయి. వల లాగినప్పుడు దాంతోపాటు నీరు వస్తుంది. ఐసు కరుగుతుంది. రేవులో కట్టేసి ఉన్నప్పుడు వాన పడుతుంది.

ఒక లెక్క చూడండి. నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల కింద, అంగుళం వెడల్పున్న రంధ్రం పడిందనుకుందాం. అందులోంచి నిమిషానికి సుమారు 40 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. అంటే రెండు పెద్ద వాటర్ క్యాన్లు. గంటకు 2,400 లీటర్లు. ఒక మనిషి బక్కెట్టుతో ఎంతసేపు తోడగలడు?

"మా బోటుకు ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు ఉంది కదా" అనవచ్చు. ఉండాల్సిందే. కానీ ఇంజిన్ ఆగితే ఆ పంపూ ఆగుతుంది. ఇంజిన్ చెడిపోయి బోటు కొట్టుకుపోతున్నప్పుడు, రాత్రి లంగరేసి పడుకున్నప్పుడు, రేవులో మనిషి లేనప్పుడు తోడేది బ్యాటరీ పంపు మాత్రమే.

2. వైరు సన్నగా ఉంటే ఏమవుతుంది?

సన్నని పైపులో నీరు ఎలా తగ్గిపోతుందో, సన్నని వైరులో వోల్టేజీ అలాగే తగ్గిపోతుంది. ఇంట్లో 230 వోల్టుల కరెంటు ఉంటుంది కాబట్టి దారిలో ఒకటి రెండు వోల్టులు పోయినా తెలియదు. బోటులో ఉన్నదే 12 వోల్టులు. అందులో 2 వోల్టులు పోతే ఆరో వంతు పోయినట్టే.

వోల్టేజీ తగ్గిన పంపు తిరుగుతూనే ఉంటుంది, శబ్దమూ వస్తుంది. మీరు "పంపు ఆడుతోంది" అనుకుంటారు. కానీ నీటిని పైకి నెట్టే బలం ఉండదు. పైపు చివర సన్నని ధార మాత్రమే వస్తుంది. ఇంకో సంగతి: లేబుల్ మీద రాసిన లీటర్లు పైకి ఎత్తాల్సిన పని లేనప్పుడు వచ్చే లెక్క. మీ బోటులో నీరు పైకి ఎక్కి, పైపులో వంపులు తిరిగి బయటికి పడాలి. అందుకే అసలు వచ్చే నీరు ఎలాగూ తక్కువే. దానికి వైరు నష్టం కూడా తోడైతే మిగిలేది చాలా కొంచెం.

చిన్న పడవల వైరింగుకు అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ఇచ్చిన ప్రమాణాన్ని చాలా దేశాల్లో చూస్తారు. అందులో ముఖ్యమైన లైన్లకు వైరులో పోయే వోల్టేజీ 3 శాతం దాటకూడదని ఉంది. 12 వోల్టుల మీద అది 0.36 వోల్టు. ప్రాణాలు కాపాడే పంపుకు మనం ఈ 3 శాతమే లెక్కలోకి తీసుకుందాం.

3. ఎంత లావు వైరు? ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి

రెండు అంకెలు కావాలి.

మొదటిది, పంపు తీసుకునే కరెంటు. ఇది పంపు మీద లేబుల్‌లో "ఆంప్స్" అని ఉంటుంది.

రెండోది, వైరు దూరం. బ్యాటరీ నుంచి ఫ్యూజు, స్విచ్చి మీదుగా పంపు వరకు వైరు వెళ్లే దారిని తాడుతో కొలవండి. చూపుకు తిన్నగా కాదు, వైరు నిజంగా తిరిగే దారి. తర్వాత పంపు నుంచి బ్యాటరీకి తిరిగి వచ్చే మైనస్ వైరు దూరం కూడా కలపండి. రానుపోను రెండూ లెక్కే. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే.

ఇప్పుడు లెక్క:

12 వోల్టుల బోటు: రానుపోను మీటర్లు × ఆంప్స్ ÷ 20
24 వోల్టుల బోటు: రానుపోను మీటర్లు × ఆంప్స్ ÷ 40

వచ్చిన అంకె రాగి వైరు సైజు, స్క్వేర్ ఎంఎంలో. షాపులో 1.5, 2.5, 4, 6, 10 సైజులు ఉంటాయి. మీ అంకెకు పైన ఉన్న సైజు తీసుకోండి. కింది సైజు వద్దు. లెక్కలో 1 వచ్చినా 1.5 కన్నా సన్నది వాడొద్దు, కుదుపులకు తెగిపోతుంది.

ఉదాహరణ ఒకటి. చిన్న ఫైబర్ బోటు, 12 వోల్టులు. పంపు 3 ఆంప్స్. బ్యాటరీ నుంచి పంపుకు 4 మీటర్లు, రానుపోను 8 మీటర్లు. 8 × 3 = 24. 24 ÷ 20 = 1.2. కాబట్టి 1.5 స్క్వేర్ ఎంఎం సరిపోతుంది.

ఉదాహరణ రెండు. మరబోటు, 12 వోల్టులు. పంపు 8 ఆంప్స్. స్విచ్చి క్యాబిన్‌లో ఉంది కాబట్టి వైరు తిరిగి తిరిగి 9 మీటర్లు, రానుపోను 18 మీటర్లు. 18 × 8 = 144. 144 ÷ 20 = 7.2. కాబట్టి 10 స్క్వేర్ ఎంఎం కావాలి. ఇక్కడ ఇంట్లో మిగిలిన 1.5 వైరు వేస్తే దారిలోనే సుమారు 1.7 వోల్టులు పోతాయి. 12 వోల్టుల పంపుకు 10 చిల్లర మాత్రమే అందుతుంది.

ఉదాహరణ మూడు. అదే బోటు, అదే దూరం, కానీ 24 వోల్టుల బ్యాటరీలు, 24 వోల్టుల పంపు, 4 ఆంప్స్. 18 × 4 = 72. 72 ÷ 40 = 1.8. 2.5 స్క్వేర్ ఎంఎం చాలు. అందుకే దూరం ఎక్కువున్న పెద్ద బోట్లకు 24 వోల్టులు కలిసొస్తాయి. అయితే 24 వోల్టుల లైనుకు 12 వోల్టుల పంపు తగిలించొద్దు, కాలిపోతుంది.

లెక్క వేయడం ఇబ్బందైతే 12 వోల్టుల బోటుకు ఈ పట్టిక చూడండి:

రానుపోను 6 మీటర్లు: 3 ఆంప్స్‌కు 1.5, 5 ఆంప్స్‌కు 1.5, 8 ఆంప్స్‌కు 2.5
రానుపోను 10 మీటర్లు: 3 ఆంప్స్‌కు 1.5; 5 ఆంప్స్‌కు 2.5, 8 ఆంప్స్‌కు 4
రానుపోను 16 మీటర్లు: 3 ఆంప్స్‌కు 2.5, 5 ఆంప్స్‌కు 4, 8 ఆంప్స్‌కు 10
రానుపోను 20 మీటర్లు: 3 ఆంప్స్‌కు 4, 5 ఆంప్స్‌కు 6, 8 ఆంప్స్‌కు 10

4. ఎలాంటి వైరు?

సైజు ఒక్కటే చాలదు. రకం కూడా చూడాలి.

రాగి వైరే తీసుకోండి. అల్యూమినియం వద్దే వద్దు.

లోపల సన్నని పోగులు చాలా ఉన్న వైరు తీసుకోండి. ఒకే లావు తీగ, లేదా మూడు నాలుగు లావు తీగలు ఉన్నది వద్దు. ఇంజిన్ అదురుకు, అలల కుదుపుకు లావు తీగ ఒకేచోట వంగి వంగి విరుగుతుంది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల తీగ తెగి ఉంటుంది.

దొరికితే కళాయి పూత ఉన్న రాగి వైరు కొనండి. ఇత్తడి గిన్నెకు చిలుము పట్టకుండా కళాయి వేయిస్తాం కదా, ఇదీ అంతే. ప్రతి పోగుకూ తగరం పూత ఉంటుంది. చివర కొంచెం ఒలిచి చూడండి. ఎర్రగా ఉంటే మామూలు రాగి, వెండిలా తెల్లగా ఉంటే కళాయి పూత. మామూలు రాగి వైరుకు ఉప్పునీరు తగిలితే పోగుల మధ్య నుంచి తొడుగు లోపలికి పాకుతుంది. కొన్నాళ్లకు తొడుగు ఒలిచి చూస్తే తీగ నల్లగానో, పచ్చగానో ఉంటుంది. ఆ చిలుము కరెంటును అడ్డుకుంటుంది.

కళాయి వైరు మీ ఊళ్లో దొరక్కపోతే పని ఆపొద్దు. చాలా పోగులున్న మామూలు రాగి వైరు, లెక్క కన్నా ఒక సైజు పెద్దది తీసుకోండి. చివర్లు గట్టిగా మూయించండి. ఏటా వేట నిషేధంలో ఒలిచి చూసుకోండి. నల్లబడితే మార్చేయండి.

మైనస్ వైరు కూడా ప్లస్ వైరు సైజులోనే ఉండాలి. ఇంజిన్ బాడీనో, ఇనుప భాగాన్నో మైనస్‌గా వాడొద్దు.

5. ఫ్యూజు: బ్యాటరీకి జానెడు లోపే

ఫ్యూజు పంపును కాపాడటానికే అనుకుంటాం. అంతకన్నా ముఖ్యంగా అది వైరు కాలి బోటు అంటుకోకుండా కాపాడుతుంది. ఎక్కడైనా వైరు ఒరుసుకుని ప్లస్, మైనస్ కలిస్తే బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఒక్కసారిగా పారుతుంది. ఫ్యూజు పంపు దగ్గర ఉంటే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న వైరుకు కాపలా లేదు. అందుకే ఫ్యూజు బ్యాటరీ ప్లస్ దగ్గరే ఉండాలి. పైన చెప్పిన ప్రమాణంలో ఈ దూరం 7 అంగుళాలు. మన లెక్కలో జానెడు లోపు.

ఫ్యూజు సైజు పంపు లేబుల్ మీద, లేదా పెట్టెలోని కాగితం మీద రాసి ఉంటుంది. అదే వేయండి. వైరు లావుది వేశాం కదా అని పెద్ద ఫ్యూజు వేయొద్దు. వల దారమో, ప్లాస్టిక్ కవరో పంపులో ఇరుక్కుంటే మోటారు తిరగలేక కరెంటు ఎక్కువ లాగుతుంది. అప్పుడు సరైన ఫ్యూజు పోతుంది, మోటారు బతుకుతుంది. పెద్ద ఫ్యూజు పోదు, మోటారే కాలిపోతుంది.

ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం, రాగి పోగు చుట్టే అలవాటు మానండి. అదే సైజు ఫ్యూజులు నాలుగు, నీరు పోని డబ్బాలో పెట్టి బోటులో ఉంచుకోండి.

6. ఆటోమేటిక్ లైను నేరుగా బ్యాటరీకే

నీరు పెరిగితే తేలి పంపును ఆన్ చేసేది ఫ్లోటు స్విచ్చి. రాత్రి ఇంటికి వెళ్లేటప్పుడు మీరు మెయిన్ స్విచ్చి ఆపేస్తారు. పంపు వైరు ఆ స్విచ్చి తర్వాత ఉంటే, పంపు కూడా ఆగిపోయినట్టే. తెల్లారేసరికి వాననీటితో బోటు నిండుతుంది. కాబట్టి ఫ్లోటు స్విచ్చి లైను మెయిన్ స్విచ్చితో సంబంధం లేకుండా, తన సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి వెళ్లాలి. చేత్తో ఆన్ చేసే లైను వేరుగా క్యాబిన్ స్విచ్చికి రావాలి. అప్పుడు ఫ్లోటు పాడైనా సరంగు చేత్తో ఆడించుకోవచ్చు.

ఫ్లోటు స్విచ్చి ఎప్పుడూ ప్లస్ వైరు మీదే ఉండాలి. ప్లస్, మైనస్ తారుమారు కాకుండా చూడండి. కొన్ని పంపులు తారుమారైనా తిరుగుతాయి, కానీ వెనక్కి తిరుగుతాయి. శబ్దం వస్తుంది, నీరు సరిగా రాదు. ఏ రంగు వైరు ఏదో పంపుతో వచ్చిన కాగితంలో చూసే కలపండి, ఊహించి కలపొద్దు.

7. జాయింటు దగ్గరే జబ్బు

వైరింగు చెడితే చాలాసార్లు మొదలయ్యేది జాయింటు దగ్గరే.

పంపుతో వచ్చే వైరు పొట్టిగా ఉంటుంది. దాన్ని అక్కడే అడుగున కలిపి, నల్ల టేపు చుట్టేస్తారు. డీజిల్‌కు, ఉప్పునీటికి ఆ టేపు జిగురు ఊడిపోతుంది. జాయింటు నీటిలో నానుతుంది. తర్వాత పంపు ఆడదు. అంతకన్నా చెడ్డది ఇంకొకటి ఉంది. ఆ జాయింటు నుంచి ప్లస్ కరెంటు నీటిలోకి కారితే బోటు కింది లోహ భాగాలను తినేస్తుంది. ఫ్యాను, షాఫ్టు కొద్ది రోజుల్లోనే గుంటలు పడతాయి.

అందుకే ఇలా చేయించండి:

పంపు వైరును వీలైనంత పైకి లాగి, నీరు చేరని ఎత్తులో జాయింటు వేయాలి.

మెలిపెట్టి టేపు చుట్టడం కాదు. వైరు సైజుకు సరిపోయే రాగి స్లీవు పెట్టి, క్రింపింగ్ ప్లయరుతో నొక్కాలి. నొక్కాక చేత్తో గట్టిగా లాగి చూడాలి.

దానిపైన లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ ట్యూబు వేసి వేడి చేయాలి. చివర జిగురు బయటికి వస్తే బాగా మూసుకున్నట్టు.

సోల్డరింగు ఒక్కటే నమ్ముకోవద్దు. సోల్డరు పెట్టిన చోట వైరు బిరుసెక్కి, అదురుకు దాని పక్కనే విరుగుతుంది.

వైరును మూరకొక చోట క్లిప్పుతో బిగించాలి. సైలెన్సరు, షాఫ్టు, బెల్టుల దగ్గరికి పోనివ్వొద్దు. చెక్కకో, ఫైబరుకో రంధ్రం చేసి దాటించినచోట రబ్బరు బుష్ పెట్టాలి.

ఈ పనులన్నీ మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి.

8. వైరింగు బాగుందో లేదో మీరే తేల్చుకోండి

రెండు పరీక్షలున్నాయి.

మీటరు ఉంటే: పంపు నీటిని తోడుతుండగా ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత పంపు దగ్గరి జాయింటులో వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 12.4, పంపు దగ్గర 12.1 ఉంటే బాగుంది. పంపు దగ్గర 11.4 ఉంటే ఒక వోల్టు దారిలో పోతోంది. వైరు సన్నదైనా అయి ఉండాలి, జాయింటైనా చెడి ఉండాలి. పంపు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే ఈ తేడా కనిపించదు.

మీటరు లేకపోతే: బోటులో కొన్ని బక్కెట్ల నీళ్లు పోసి పంపు ఆడించండి. బయటికి వచ్చే ధార కింద 20 లీటర్ల క్యాను పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో రాసుకోండి. కొత్తలో రాసుకున్న అంకె, ఆరు నెలల తర్వాతి అంకె పక్కపక్కన పెట్టండి. ముందు పంపు జాలీ, పైపు శుభ్రం చేసి చూడండి. అయినా సమయం బాగా పెరిగితే వైరింగు చూడాల్సిన వేళ అయినట్టు.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉండే ఈ రోజులే వైరింగు పనికి మంచి అదను. తర్వాత అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల రోజులకు ముందు ఇంకోసారి నీళ్లు పోసి చూడండి.

9. మీరు అడిగే ప్రశ్నలు

బ్యాటరీ ఎంతసేపు తోడుతుంది?
100 ఏహెచ్ బ్యాటరీలో సగం వాడుకోవచ్చనుకుంటే, 5 ఆంప్స్ పంపు ఆగకుండా సుమారు 10 గంటలు ఆడుతుంది. బ్యాటరీ పాతదైతే అంతకన్నా తక్కువ. కాబట్టి ఆటోమేటిక్ ఉంది కదా అని రేవులో బోటును రోజుల తరబడి చూడకుండా వదలొద్దు.

పంపు మాటిమాటికీ ఆన్ అవుతోంది, మంచిదేనా?
పంపు మంచిదే, బోటు బాగోలేదని అర్థం. నీరు ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి.

కరెంటు పంపు ఉంటే చేతిపంపు, బక్కెట్టు తీసేయొచ్చా?
తీయొద్దు. బ్యాటరీ నీట మునిగితే మిగిలేది అవే. వీలైతే బ్యాటరీని కూడా ఎత్తులో, కదలకుండా కట్టి పెట్టండి.

కొత్త బోటు వైరింగు యార్డు వాళ్లే చేస్తారు కదా, నేనేం చూడాలి?
బోటు తీసుకుంటున్నట్టు సంతకం పెట్టే ముందు ఈ ఏడు చూడండి. తేడా ఉంటే అక్కడే సరిచేయించండి.

ఒకటి, వైరు సైజు మన లెక్కకు సరిపోయిందా?
రెండు, చాలా పోగులున్న రాగి వైరేనా?
మూడు, ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపు ఉందా? సైజు లేబుల్ ప్రకారమేనా?
నాలుగు, మెయిన్ స్విచ్చి ఆపినా ఫ్లోటు ఎత్తితే పంపు ఆడుతోందా?
ఐదు, జాయింట్లు నీటికి పైన ఉన్నాయా? ట్యూబు వేశారా?
ఆరు, వైరును క్లిప్పులతో బిగించారా?
ఏడు, నీళ్లు పోసి ఆడించి చూపించారా?

సముద్రంలో నీరు పంపు తోడేదానికన్నా వేగంగా వస్తుంటే ఆలస్యం చేయొద్దు. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోండి. వీహెచ్‌ఎఫ్ సెట్ ఉంటే 16వ ఛానెల్‌లో చెప్పండి. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ ఉచిత నంబరు 1554కు చేయండి.

బోటు ఇంట్లో ఆడవాళ్ల పేరున మంజూరైతే, పై ఏడు ప్రశ్నలు అడిగే హక్కు వాళ్లదే. యార్డుకు వాళ్లనూ తీసుకెళ్లండి. సందేహాలుంటే మీ గ్రామ మత్స్య సహాయకులను, లేదా మండల మత్స్య అభివృద్ధి అధికారిని అడగండి. ఈ పీడీఎఫ్‌ను మీ రేవు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మీ ఊరి ఎలక్ట్రీషియన్‌కు కూడా తప్పకుండా పంపండి.